సంచి చీటీ

విజయనగరం,
సోమవారం.

ప్రియమైన అమ్మకు,
హెప్సీబా వందనాలు.

నామీద నువ్వు మోపిన అభియోగం ఇది: ఇంటి గుట్టును బజారున పెట్టబోతున్నానని. నిన్న ఫోనులో నువ్వు ఆ మాట అనగానే నేను గొంతు పెంచాను, నువ్వు ఫోను పెట్టేశావు. ఫోనులో మనిద్దరం మాట్లాడుకుంటే అది కేకల పందెమే అవుతుంది. పైగా నీ కుట్టుమిషను చుట్టూ జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు ఎప్పుడూ నలుగురుంటారు కనుక నువ్వు సగం మాటలు మింగేస్తావు. మింగేసిన మాటలకు ఎంతటి వక్తయినా సమాధానం చెప్పలేరు. అందుకే కాగితం తీశాను. నరసింగరావు మావయ్య ఈ దారి బస్సులో కండక్టరుగా ఉన్నంతవరకు మన ఉత్తరాలకు తపాలా బిళ్ళ అక్కరలేదు.

శుక్రవారం సాయంత్రం మన సంఘాల యౌవనస్తులందరం శృంగవరపుకోట అవతల కొండ అడుగున శిబిరానికి వెళ్తున్నాం. ఆదివారం తిరుగుప్రయాణం. ప్రతి ఏటా నన్ను నువ్వు ఏదో ఒక సాకుతో ఆపావు: ఒకసారి జ్వరం, ఒకసారి పరీక్ష, ఒకసారి ఎవరిదో పెళ్ళి. నాకు ఆ పెళ్ళికూతురి పేరు కూడా తెలియదు. ఈసారి సాకు చెల్లదు. వెళ్ళవచ్చునని డాక్టరుగారే అన్నారు, రెండు షరతులతో: రాత్రి మాత్ర తప్పకూడదు, నిద్ర తప్పకూడదు. ఇంటర్మీడియెట్ తరువాత నాకు మూర్ఛ రాలేదన్న సంగతి నీకు గుర్తుచేయనవసరం లేదు; నాకంటె నీకే బాగా తెలుసు.

మన వివాదమంతా సంచి చీటీ దగ్గర వచ్చింది. ఈ శిబిరానికి ఎవరి సంచి వారు సర్దుకోరాదు. చీటీలు వేస్తారు, నీ పేరు ఎవరికి వస్తే వారు వచ్చి నీ సంచి సర్దుతారు. నీకేం కావాలో నోరు విప్పి అడగాలి. నీ దగ్గర లేనిది వారు తెచ్చి పెట్టాలి. ఒకప్పుడు కొందరి సంచుల్లో అత్తరు సీసాలు ఉండడం, కొందరి సంచుల్లో కప్పుకోవడానికి దుప్పటి కూడా లేకపోవడం చూసి పాస్టరుగారు పెట్టిన పద్ధతి ఇది. అంటే నా మాత్రల సంగతి ఒక్క మనిషికైనా చెప్పక తప్పదు.

చెప్తాను. మూర్ఛ ఒక జబ్బు. పక్కింటి తాతకు చక్కెర ఉందని వీధంతటికీ తెలుసు. ఆయన పరువు ఏమీ పోలేదు. చక్కెరకు లేని సిగ్గు మూర్ఛకు ఎక్కడినుంచి వచ్చింది? ఎవరు తెచ్చారు? దీనికి జవాబు చెప్పి, ఆ తరువాత నన్ను ఆపు.

నీ జవాబుకై కత్తి దూసి కూర్చున్న,
నీ హెప్సీబా

*

కళింగపట్నం,
మంగళవారం.

హెప్సీకి అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. తమ్ముడు నరసింగరావు ఇస్తూ, "ఇదేటి అప్పా, ఉత్తరమా, కోర్టు నోటీసా, ఇంత బరువున్నాది" అన్నాడు. చదివాను. బాగా రాసావు. నువ్వు బాగా రాయనిదెప్పుడు? మాటల పోటీల్లో ఆ కప్పులన్నీ ఊరికే ఇచ్చారేటి?

నీలాగ వాదించడం నాకు రాదు. ఒక్క సంగతి సెప్తాను, విను. మీ పిన్ని సీతమ్మ గొంతు నువ్వు వినలేదు. మన గుడిలో పాట ఎత్తితే అదే ఎత్తాల. ఒక క్రిస్మసుకి పాడతా పాడతా పడిపోయింది. ఒకరు సేతిలో తాళంచెవులు పెట్టారు, ఒకరు దెయ్యమన్నారు. కానీ దాన్ని ఎవరూ తిట్టలేదే. తరవాత ఆదివారం, "సీతమ్మా, నువ్వు ఈపాలి వెనక కూకో తల్లీ, అలిసిపోతావు" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ పై ఆదివారమూ అలగే అన్నారు. ఏ ఆదివారమూ ముందుకి రా అనలేదు. ఇప్పుడది వంట సేసుకుంటా కూడా పాట పాడదు.

మనోళ్ళు సెడ్డోళ్ళు కాదు హెప్సీ. సెడ్డోళ్ళయితే నువ్వు దెబ్బలాడి గెలుస్తావు, నాకు తెలుసు. ప్రేమగా వెనక్కి జరిపీసే వాళ్ళతో నువ్వేటని దెబ్బలాడతావు? నీకు మైకు ముందు నిలబడ్డమంటే ప్రాణం. నిన్ను ఎవరైనా వెనక కూకోమంటే నేను సూడలేను.

అందుకని వద్దనడం మానీసాను, మరొకటి సేసాను. పొట్టి సెయ్యమని ఇచ్చావు కదా నీలం సుడీదారు పాంటు, దాని నాడా పట్టీకి లోపల సిన్న జేబు కుట్టాను. కుట్టు బయటకి కనబడదు. మాత్రల రేకు సప్పుడు సేస్తాది, దాని మీద మందు పేరు ఉంటాది. కాబట్టి మాత్రలు రేకులోంచి తీసీసి ఆ జేబులో పోసీసి పిన్నీసు పెట్టుకో. సంచి ఎవరైనా సర్దుకోనీ. నడుం మీద జేబు ఎవడికి తెలుస్తాది? అలగైతే ఎల్లు, నేనేటీ అనను. పాంటుతో పాటు ఎండు నెత్తళ్ళ సేపల పొడి డబ్బా కూడా పంపుతన్నాను. నీళ్ళలోకి మాత్రం దిగకు.

నీ మేలు తప్ప మరేదీ కోరని,
మీ అమ్మ బేబీ

*

విజయనగరం,
గురువారం.

ప్రియమైన అమ్మకు,
వందనాలు.

నీకు శుభవార్త: నీ కూతురు ఓడిపోయింది.

నా చీటీ దుర్గాభవానికి వచ్చింది. నీకు తెలియదు ఆ పిల్ల. ఇక్కడ విజయనగరం కోట వెనక టీ కొట్టు నడిపే అసిరయ్యగారి అమ్మాయి. ఆ కుటుంబం మన సంఘంలో చేరి కొన్నేళ్ళయింది. పేరు మార్చుకోమని ఎవరో సలహా ఇస్తే, "పేరు మా నాయనమ్మది, దేవుడికి నా పేరు పలకడం రాదేటి?" అన్నదట. దుర్గాభవాని అన్న పేరుతోనే లేచి నిలబడి కీర్తన పాడుతుంది. నాకు ఆ పిల్ల అంటే గౌరవం. అందువల్ల మరింత సులువుగా చెప్పగలననుకున్నాను.

నిన్న హాస్టలుకు వచ్చి నా మంచం మీద సంచి తెరిచిపెట్టి కూర్చుంది. 

"దుప్పటి?"

"ఉంది."

"కంచం, గలాసు?"

"ఉన్నాయి."

"సలి కోటు? కొండ కింద పొద్దున్న వణికిస్తాది."

"లేదు."

"మా అన్నది తెస్తాను. బీడీ వాసనొస్తాది, ఏటనుకోకు. ఇంకేటి కావాలి? సిగ్గుపడకే. పోయినేడు నేను సర్దిన పిల్లకి రాత్రులు పళ్ళకి తగిలించుకునే తీగుండేది. దాని డబ్బా కూడా నేనే మోసాను."

అమ్మా, ఇంతకంటె తేలికగా ఎవరూ తలుపు తీయరు. నేను చెప్పవలసింది రెండే మాటలు. సమాచార హక్కు మీద జిల్లాస్థాయిలో మాట్లాడి గెలిచినదాన్ని. ఎదుటి జట్టువారు నన్ను చూసి కాగితాలు సర్దుకుంటారు. ఆ నోటితో, "ఇంకేమీ అక్కరలేదు" అన్నాను.

ఆ పిల్ల, "ఇంత సదివినదానివి, ఇంత తక్కువ సామానేటే?" అని నవ్వి, సంచి భుజాన వేసుకొని వెళ్ళిపోయింది. బయలుదేరేదాకా సంచి వాళ్ళింట్లోనే ఉంటుంది. 

ఆ తరువాత గది తలుపు వేసుకొని మాత్రలు ఒక్కొక్కటీ రేకులోంచి తీసి నీ జేబులో పోశాను. కుట్టు చాలా బాగుంది. నిజంగానే ఎవరికీ కనబడదు. నీ వాదనకు నేను జవాబు చెప్పలేకపోయానని కాదు. జవాబు ఉంది, గొంతులోంచి రాలేదు. నాకు ఎవరిమీద కోపం వచ్చిందో కూడా తెలియడం లేదు.

నోరున్న మూగది,
నీ హెప్సీబా

*

కళింగపట్నం,
శుక్రవారం.

హెప్సీకి అమ్మ దీవెనలు.

ఉత్తరం సూసాను. సెప్పకపోతే పోనీలే. దానికి ఏడవకు. వేళకి అన్నం తిను, వేళకి పడుకో. తలకి నూనె పెట్టుకొని ఎల్లు. ఎక్కువ రాయడానికి లేదు, బస్సుకి వేళైపోతంది.

మీ అమ్మ బేబీ

*

విజయనగరం,
సోమవారం.

ప్రియమైన అమ్మకు,
నీ కూతురు క్షేమం. ఈ మాట మొదటే రాస్తున్నాను, ఎందుకంటే కింద రాసినది చదువుతూ నువ్వు మిషను తొక్కడం ఆపేస్తావు.

శనివారం ఉదయం గుడారాలకు మేకులు కొడుతూ బురదలో జారి కూర్చున్నాను. నీలం పాంటు నడుము దాకా మట్టి. గుడారంలోకి పోయి వేరేది కట్టుకొని, దాన్ని బండమీద ఆరవేశాను. జేబు సంగతి గుర్తుంది, మాత్రలు తీద్దామనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా నాయకుడు ప్రకాష్ అన్న, "వంట ఆడపిల్లలు, కట్టెలు మగపిల్లలు" అని పనులు పంచుతున్న గొంతు వినబడింది. అమ్మా, నేను ఆగగలనా?

వెళ్ళాను. వాదించాను. కట్టెలు ఒక్కసారి తెస్తే అయిపోతాయని, గిన్నెలు పూటపూటా ఉంటాయని, శ్రమ విభజన అన్న మాటకు శ్రమను ఒకవైపే విభజించడం అన్న అర్థం ఏ నిఘంటువులోనూ లేదని చెప్పాను. ప్రకాష్ అన్న చేతులెత్తి, "సరే తల్లీ, గిన్నెలు నేనే తోముతాను, నువ్వు కొంచెం ఊపిరి తీసుకో" అన్నాడు. చప్పట్లు కొట్టారు. విజయగర్వంతో వెనక్కి వచ్చేసరికి బండమీద పాంటు లేదు.

దుర్గాభవాని శిబిరం పక్కనున్న ఏటిలో మోకాళ్ళలోతున నిలబడి దాన్ని రాయికేసి బాదుతోంది.

"నీ సంచి నాది, నీ బట్టలూ నావే" అంది సంతోషంగా. "సూడు, మల్లెపూవులా సేసాను."

నాడా పట్టీ తడిమాను. నీ కుట్టు చెక్కుచెదరలేదు. లోపల మాత్రలు మాత్రం లేవు. కాస్త తెల్లటి ముద్ద ఉంది. అది కూడా నా వేళ్ళ సందుల్లోంచి నీళ్ళతో పాటు పోయింది.

మిగిలిన మాత్రలు హాస్టలులో ఉన్నాయి. విజయనగరం వెళ్ళే బస్సు మరునాటిదాకా లేదు. ఎవరిదో మోటారుసైకిలు అడిగితే ఎందుకని అడుగుతారు. ఒక్కరాత్రే కదా అని ఒక క్షణం అనుకున్నాను. వెంటనే రాళ్ళు, నీళ్ళు, రాత్రి వేయబోయే చలిమంట, అన్నీ నా చుట్టూ కొత్తగా కనబడ్డాయి. నేను ఎవరికీ చెప్పలేదు గనుక, నేను పడిపోతే నాకేమైందో అక్కడ ఒక్కరికీ తెలియదు. నువ్వు చెప్పిన పిన్ని కథ గుర్తొచ్చింది. పిన్ని కనీసం తనవాళ్ళ మధ్య పడిపోయింది.

మధ్యాహ్నమంతా ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే జనానికి భయం వేస్తుందని అప్పుడే తెలిసింది. "హెప్సీబా అక్క అలిగింది, గిన్నెలు మళ్ళీ తోమండి" అని పిల్లలు గుసగుసలాడుకున్నారు.

పొద్దు కొండ వెనక్కి జారుతుండగా దుర్గాభవాని దగ్గరికి వెళ్ళాను. ఉల్లిపాయలు తరుగుతోంది.

"నీకొకటి చెప్పాలి" అన్నాను. "నాకు మూర్ఛ ఉంది. మాత్రలు ఆ పాంటులో ఉన్నాయి. నీళ్ళలో పోయాయి. ఇప్పుడు నా దగ్గర లేవు."

కత్తి పక్కన పెట్టి నన్ను చూసింది. జాలి కోసం ఆ ముఖమంతా వెతికాను, దొరకలేదు. కొంచెం కోపం మాత్రం ఉంది.

"ఆ పాంటులో ఏటీ లేదనుకున్నాను కదే! ఎంత పాపం సేసాను!" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అంతలోనే, "పోతే పోనీ. నీ సంచి పక్క అరలో రేకుంది. నెత్తళ్ళ డబ్బా ఎనకాల. రాత్రి అన్నమయ్యాక ఒకటి. నాకు తెలుసు. నీ నోటినుంచి వస్తాదేమోనని నిన్నట్నుంచి సూస్తన్నాను" అంది.

"నీకెలా తెలుసు?"

"మీ అమ్మ సెప్పింది కదా."

అమ్మా! నేను ఆ ఉల్లిపాయల మధ్య కూర్చుండిపోయాను. ఏడ్చాను, ఉల్లిపాయలని చెప్పుకోవడానికి వీలుగానే ఉంది కాని చెప్పుకోలేదు. రేకు తీసి చూశాను. అదే మందు, అదే మోతాదు. రాత్రి అన్నం తిన్నాక దుర్గాభవాని గలాసుతో నీళ్ళు పట్టుకొని అందరి ముందూ నిలబడి, "మింగు" అంది. మింగాను. రాత్రంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. పక్కన పడుకున్న మనిషికి నా సంగతి తెలుసు. ఇంటి బయట నేను అంత నిశ్చింతగా పడుకోవడం అదే మొదటిసారి.

కనుక ఇప్పుడు అభియోగం మోపడం నా వంతు. ఇంటి గుట్టు బయటపెట్టినది నేను కాదు, నువ్వు. ఎప్పుడు? ఎలా? ఎందుకు? బోనెక్కి జవాబు చెప్పు.

కంటినిండా నిద్రపోయిన,
నీ హెప్సీబా

*

కళింగపట్నం,
మంగళవారం.

నా తల్లి హెప్సీకి, అమ్మ ముద్దులు.

పాంటు సంగతి చదివి నెత్తి కొట్టుకున్నాను. బుద్ధి లేనిదాన్ని, రేకులోంచి తీసీమని సెప్పింది నేనే కదా. మల్లీ చదివి నవ్వాను. మిషను దగ్గరున్న ఆడవాళ్ళు ఏటయిందని అడిగారు.

శుక్రవారం నీకు సిన్న ఉత్తరం రాసాను కదా, అది తెచ్చిన బస్సులోనే నేనూ ఉన్నాను. ఉత్తరం మీ మావయ్య నీకిచ్చాడు, నేను వెనక గుమ్మంలోంచి దిగిపోయాను. నీకు సెప్పొద్దని వాడిసేత ఒట్టేయించుకున్నాను. డాక్టరుగారి మందుల సీటీ సూపించి మందు కొన్నాను. టీ కొట్టుకి దారి అడుక్కుంటా ఎల్లాను. ఎల్లి కొట్టు ముందు నిలబడ్డాను. అసిరయ్యగారు, "ఏటమ్మా, ఎవరు కావాలి?" అన్నాడు. నాకేటి తోసిందో, "మీ అమ్మాయికి జాకెట్టు కొలత తీస్తాను, హెప్సీ వాళ్ళమ్మని" అనీసాను. టేపు నా సంచీలో ఎప్పుడూ ఉంటాది కదా.

కొలత తీస్తా తీస్తా సెవిలో సెప్పాను. ఆ పిల్ల, "గట్టిగా సెప్పండి అత్తా, సంక కింద దూరి సెప్తన్నారేటి, గిలిగింత పుడతంది" అంది. గట్టిగా సెప్పాను, రేకు సేతిలో పెట్టాను. నా నోటితో బయటోళ్ళకి సెప్పడం అదే మొదలు. "ఇంతేనా? మా పెదనాన్న కొడుక్కీ ఉన్నాది, వాడు ఆటో తోలడు గానీ మిగతా ఎదవ పనులన్నీ సేస్తాడు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. కొలత తీసాను కాబట్టి ఇప్పుడు జాకెట్టు కుట్టి ఇవ్వాల. మావయ్య సేత పంపుతన్నాను.

ఎందుకు సెప్పానని అడిగావు. నువ్వు గెలిస్తే నాకు కోపం వస్తాది, అది నీకూ తెలుసు. కానీ నువ్వు ఓడిపోయానని రాసింది సదివితే నాకు అన్నం దిగలేదు. ఇంకోటి. మీ పిన్నిని అందరూ ప్రేమగా సూసారు గానీ, నీకేటి కావాలి అని అడిగిన మనిషి లేదు. ఈ పిల్ల నీ మంచం మీద కూకుని అడిగింది. అడిగినోళ్ళకి కూడా సెప్పకపోతే ఇంకెవరికి సెప్తాం?

రేపు మన స్త్రీల సమాజం. అక్కడ మన సంగతి సెప్పీద్దామని ఉంది. లేచి నిలబడి మాట్లాడ్డం నాకు రాదు. నువ్వు రాసి పంపు, నేను సదువుతాను. సదవడమైతే వచ్చు.

టేపు మెడలో ఏసుకునే రాస్తన్న,
మీ అమ్మ బేబీ

*

విజయనగరం,
బుధవారం ఉదయం, మొదటి బస్సుకు.

ప్రియమైన అమ్మకూ, అమ్మ చుట్టూ కూర్చున్న మన సంఘపు తల్లులకూ, అత్తలకూ, అక్కలకూ,
హెప్సీబా వందనాలు.

నేను కృపానిధి, బేబీల కుమార్తెను. మీలో చాలామంది నన్ను ఎత్తుకున్నవారే. నాకు మూర్ఛ వ్యాధి ఉంది. మందు వేసుకుంటున్నాను, చదువుకుంటున్నాను, పోట్లాడుతున్నాను. ఈ మూడింటిలో చివరిదానికి మాత్రమే చికిత్స లేదని మా నాన్న అంటారు.

ఇప్పుడు మీలో ఒకరు పక్కనున్నవారి ముఖం చూశారు. చూడండి, తప్పులేదు. అయితే మా అమ్మ ముఖం కూడా చూడండి. ఇన్నేళ్ళు మీ మధ్య కూర్చొని, మీ జాకెట్లు కుట్టి, మీ ఇళ్ళ కబుర్లన్నీ విని, తన ఇంటి కబురు ఒక్కటీ చెప్పలేకపోయిన మనిషి ఇప్పుడు మీ ఎదుట దీన్ని చదువుతోంది. నేను ఎక్కిన వేదికలన్నీ కలిపినా ఇంత ధైర్యం వాటికి అవసరం కాలేదు.

మీరు దుర్మార్గులని నేను అనడం లేదు. మీరు జాలిపరులు. నా వివాదం ఆ జాలితోనే. జాలి మనిషిని అడగదు. తానే నిర్ణయించి, మెత్తగా చేయి పట్టుకొని తీసుకుపోయి ఒక మూల కూర్చోబెడుతుంది. నాకు మూల అక్కరలేదు. రాత్రి భోజనమయ్యాక నీళ్ళగలాసు అందించి, "మింగు" అనే మనిషి చాలు. శిబిరంలో నాకు ఆ మనిషి దొరికింది. ఆ రాత్రి నా గుండెలమీదినుంచి దిగిన బరువు ఎంతటిదో, దిగాకే నాకు తెలిసింది.

మా అమ్మకూ ఇంకా రాయని సంగతి ఒకటి: ఆదివారం ఉదయం శిబిరంలో నేను అందరి ముందూ లేచి ఈ సంగతి చెప్పాను. ఆకాశం కూలలేదు. ఎవరో దగ్గారు, ఎవరో గంజిలో ఉప్పు తక్కువైందన్నారు. తరువాత ఒక్కొక్కరుగా నా దగ్గరికి వచ్చారు. వారు చెప్పినవి వారివి, నేను ఇక్కడ చెప్పను. ఒక్క సంగతి మాత్రం చెప్తాను: వారిలో ఎక్కువమంది మాట్లాడినది తమ గురించి కాదు. శిబిరానికి రాకుండా ఇంట్లో ఉండిపోయినవారి గురించి. పక్క తడుపుతాడని ఆపిన తమ్ముడు. నత్తి అని ఆపిన చెల్లెలు. నలుగురిలో గాలి అందక ఎగశ్వాస తీస్తుందని ఆపిన అక్క. అందరికీ మా అమ్మ చెప్పినట్టే జ్వరమో, పరీక్షో, ఎవరిదో పెళ్ళో సాకు.

వచ్చే శిబిరం వేసవి సెలవుల్లో. సంచులు సర్దడానికి మేమున్నాం. పక్కబట్టలు రెండేసి తెస్తాం, మందులు వేళకు ఇస్తాం, మాట నిదానంగా వచ్చేవారి కోసం నిదానంగా కూర్చుంటాం. మీరు చేయవలసింది ఒక్కటే. అమ్మ ఈ కాగితం మడిచాక తలలు వంచి ముగింపు ప్రార్థనలోకి తప్పించుకోవద్దు. దేవుడు కాసేపు ఆగుతాడు. ముందు, ఒక్కొక్కరుగా, పైకి వినబడేలా నాకు జవాబు చెప్పండి: మీ ఇంట్లో మీరు ఎవరిని ఆపారు? వారి పేరేమిటి? వారికేం కావాలి?

జవాబు వినేదాకా నిలబడే ఉండే,
మీ హెప్సీబా